దూరమూ దగ్గరా ఒకే లెన్సులో: మల్టీఫోకల్ ఇచ్చేదెంత, తీసుకునేదెంత?

శుక్లాల ఆపరేషన్‌కు సిద్ధమైన రోగి ముందు ఈ రోజుల్లో చాలా ఆసుపత్రులు ఒక ధరల పట్టిక పెడుతున్నాయి. మొదటి వరుసలో మామూలు మోనోఫోకల్ లెన్సు ఉంటుంది. దాని కింద దిగుమతి లెన్సు, టోరిక్, ఈడాఫ్, మల్టీఫోకల్, ట్రైఫోకల్ వరుసగా ఉంటాయి. వరుస మారినకొద్దీ ధర పెరుగుతుంది. పక్కన కూర్చున్న కొడుకో కూతురో ‘డబ్బుదేముంది, నాన్నకు అన్నిటికన్నా మంచిదే వేయండి’ అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, బాధ్యత ఉంది. అయితే పట్టిక కలిగించిన భ్రమ కూడా ఉంది. ధర పెరిగిన మేరకు చూపు నాణ్యత పెరుగుతుందని చదివినవారు కూడా నమ్ముతున్నారు. కంటి లెన్సుల విషయంలో అది నిజం కాదు.

మల్టీఫోకల్ లెన్సు ఒక మార్పిడి. కళ్లజోడు అవసరాన్ని బాగా తగ్గిస్తుంది, అందుకు బదులుగా చూపులోని స్పష్టతను కొంత తీసుకుంటుంది. కొందరికి ఈ మార్పిడి ఎంతో లాభం. మరికొందరికి నష్టం. ఎవరికి ఏది అవుతుందో చాలావరకు ఆపరేషన్‌కు ముందే చెప్పవచ్చు. అలా చెప్పగలిగే విషయం చెప్పకుండా వదిలేసినప్పుడే రోగి మోసపోయానని బాధపడతాడు. కాబట్టి ఈ లెన్సులు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎలా పనిచేస్తాయి, పరిశోధనలు ఏం తేల్చాయి, ఎవరికి తగవు, వేరే దారులేమున్నాయి అన్న ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి చూడటం అవసరం.

సోడాబుడ్డి అద్దాల నుంచి ఇక్కడిదాకా

మసకబారిన కంటి లెన్సును చూపుకు అడ్డం రాకుండా పక్కకు తొలగించే పద్ధతిని మన దేశంలో సుశ్రుతుడి కాలంలోనే వర్ణించారు. తొలగించిన లెన్సు స్థానంలో మరొకటి అమర్చడం మాత్రం ఇరవయ్యో శతాబ్దపు సాహసం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధవిమానాల పైకప్పులు పగిలి, వాటి ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలు ఏళ్ల తరబడి లోపలే ఉన్నా కన్ను వాటిని పెద్దగా ప్రతిఘటించలేదని హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు గమనించాడు. 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో అదే జాతి ప్లాస్టిక్‌తో చేసిన లెన్సును మొదటిసారి మనిషి కంట్లో పెట్టాడు. లెన్సు నిలిచింది కానీ పవర్ లెక్క తప్పింది. ఆ రోగికి ఆపరేషన్ తర్వాత దాదాపు మైనస్ 18 డయాప్టర్ల సైటు వచ్చింది. సాటి వైద్యులు చాలా ఏళ్లు రిడ్లీని వ్యతిరేకించారు. బ్రిటన్ ఆయనకు ‘సర్’ బిరుదు ఇచ్చింది 2000లో, మరణానికి ఏడాది ముందు.

మన ఊళ్లలో కంటి శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లు సోడాబుడ్డి అద్దాలతో తిరగడం నలభై దాటినవారికి గుర్తుండే ఉంటుంది. లెన్సు తీసేసి, కొత్తది పెట్టక, ఆ లోటును ముక్కు మీది మందపాటి అద్దాలతో పూడ్చిన కాలమది. ఆ అద్దాల్లో వస్తువులు పావు వంతుకు పైగా పెద్దవిగా కనిపించేవి. మెట్టు ఎక్కడుందో, గిన్నె ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. అద్దాలు పగిలితే మళ్లీ చీకటే. ఆ దశ ముగియడానికి చాలామంది కృషి తోడైంది. 1967లో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్ కంపనాలతో శుక్లాన్ని పొడిచేసి పీల్చే ఫేకో పద్ధతిని తెచ్చాడు. మడిచి చిన్న కోత గుండా పంపగలిగే లెన్సులు 1980లలో వచ్చాయి. 1992లో మదురైలో అరవింద్ కంటి వైద్య సంస్థ ఆరోలాబ్‌ను స్థాపించి, దిగుమతి లెన్సుల ధరలో చిన్న భాగానికే లెన్సులు తయారుచేసింది. కంట్లో లెన్సు పెట్టడం పేదలకు కూడా అందుబాటులోకి వచ్చింది ఆ తర్వాతే.

అలా పెట్టిన లెన్సుకు ఒకే ఒక చూపు దూరం ఉంటుంది. మల్టీఫోకల్ కథ మొదలయ్యేది ఈ పరిమితి దగ్గరే.

చత్వారానికి జవాబు వెతుకుతూ

మనం పుట్టుకతో తెచ్చుకున్న లెన్సు మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. గోడ మీది గడియారం నుంచి చేతిలోని పుస్తకానికి చూపు మళ్లించగానే కంటిలోని కండరం పనిచేసి లెన్సు ఆకారాన్ని మారుస్తుంది. వయసుతో లెన్సు గట్టిపడుతుంది. నలభై దాటాక చత్వారం వచ్చి, పేపరును చేయి చాచి చదవాల్సి వస్తుంది. శుక్లం ముదిరి ఆ లెన్సును తీసేశాక లోపల పెట్టే ప్లాస్టిక్ లెన్సుకు ఆకారం మార్చుకునే శక్తి అసలే ఉండదు. మోనోఫోకల్ లెన్సును సాధారణంగా దూరానికి సరిచేస్తారు. రోగికి బస్సు బోర్డు, టీవీ, ఎదురుగా వచ్చే మనిషి ముఖం చక్కగా కనిపిస్తాయి. చదవడానికి మాత్రం రెండున్నర పవర్ చుట్టుపక్కల అద్దాలు పెట్టుకోవాలి.

సహజ లెన్సులాగా ముందుకూ వెనక్కూ కదిలి చూపును సర్దుకునే లెన్సు చేయాలని చాలామంది ప్రయత్నించారు. అలాంటి క్రిస్టలెన్స్‌కు 2003లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దగ్గరి చూపు విషయంలో ఆ మార్గం ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. విస్తృతంగా వాడుకలోకి వచ్చింది రెండో మార్గం. లెన్సును కదపకుండా, దాని గుండా వెళ్లే కాంతినే రెండు మూడు దూరాలకు పంచడం.

తొలితరం మల్టీఫోకల్ లెన్సుల్లో వేర్వేరు పవర్లున్న వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి ఉండేవి. 1997లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మల్టీఫోకల్ లెన్సు ‘ఆరే’ ఈ తరహాదే. ఎండలో కనుపాప చిన్నదైతే ఒక వలయం, చీకట్లో పెద్దదైతే మరో వలయం ఎక్కువగా పనిచేసేవి. అందువల్ల చూపు వెలుతురును బట్టి మారిపోయేది. 2005లో అనుమతి పొందిన ‘రెస్టోర్’ వంటి లెన్సులు వేరే సూత్రాన్ని ముందుకు తెచ్చాయి. వాటి ఉపరితలం మీద కంటికి కనపడనంత సన్నని మెట్లు వలయాలుగా చెక్కి ఉంటాయి. కాంతి తరంగాలు ఆ మెట్ల మీదుగా వెళ్లి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కొంత భాగం దూరపు వస్తువుకు, కొంత భాగం దగ్గరి వస్తువుకు కేంద్రీకృతమవుతుంది. దీన్ని వివర్తనం అంటారు.

ఇక్కడొక ప్రాథమిక సత్యం ఉంది. ఒకే కాలువ నీటిని రెండు మడులకు మళ్లిస్తే ఏ మడికీ పూర్తి నీరు అందదు. కాంతి విషయంలోనూ అంతే. రెండు దూరాలకు సమానంగా పంచే వివర్తన లెన్సులో సుమారు 41 శాతం కాంతి దూరానికి, 41 శాతం దగ్గరకు వెళ్తుంది. మిగిలిన 18 శాతం దేనికీ పనికిరాకుండా చెదిరిపోతుంది. తర్వాతి తరాల లెన్సులు ఈ వృథాను తగ్గించాయి. పంచుకోవడం మాత్రం తప్పలేదు. మల్టీఫోకల్ లెన్సు లాభమైనా, ఇబ్బందైనా ఈ ఒక్క వాస్తవం నుంచే పుడుతుంది.

ఇప్పుడు మార్కెట్లో ఉన్నవి

మొదటి వివర్తన లెన్సులు దూరానికి, పుస్తకం చదివే దగ్గరకు పనికొచ్చేవి. మధ్య దూరం మసకగా ఉండేది. కంప్యూటర్, వంటగట్టు, కారు డ్యాష్‌బోర్డు, దుకాణంలో తక్కెడ అన్నీ ఆ మధ్య దూరంలోనివే. జీవితంలో సగం పనులు అక్కడే జరుగుతాయి కాబట్టి మూడో కేంద్రం అవసరమైంది. 2010లో బెల్జియంలో తయారైన ‘ఫైన్‌విజన్’తో ట్రైఫోకల్ లెన్సులు మొదలయ్యాయి. జైస్ కంపెనీ ‘ఏటీ లీసా ట్రై’ మధ్య దూరాన్ని సుమారు 80 సెంటీమీటర్ల దగ్గర పెట్టింది. ఆల్కాన్ ‘పానాప్టిక్స్’ దాన్ని 60 సెంటీమీటర్లకు తెచ్చి, దగ్గరి చూపును 40 సెంటీమీటర్ల వద్ద ఉంచింది. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి ట్రైఫోకల్ ఈ పానాప్టిక్సే.

ఈ సెంటీమీటర్లు కంపెనీ కాగితాల కోసం రాసుకున్న అంకెలు కావు. ఒక్కో మనిషి పుస్తకం పట్టుకునే దూరం ఒక్కోలా ఉంటుంది. చేయి పొడవు, కూర్చునే తీరు, చేసే పని దాన్ని నిర్ణయిస్తాయి. ఒత్తులతో, గుణింతాలతో కిక్కిరిసిన చిన్న అచ్చు తెలుగు పేపరును కొందరు 33 సెంటీమీటర్ల దగ్గరే చదువుతారు. అలాంటివారికి 40 సెంటీమీటర్లకు చేసిన లెన్సు పెడితే అలవాటు మార్చుకోవలసి వస్తుంది. కంసాలి పనిలో చూపు దూరం వేరు, మగ్గం మీద వేరు, ల్యాప్‌టాప్ ముందు వేరు. టేపు పెట్టి ఈ దూరాన్ని కొలవడానికి నిమిషం కూడా పట్టదు. అది కొలవకుండా లెన్సు సూచించడం సరికాదు.

ఈడాఫ్ లెన్సులది ఇంకో దారి. ఇవి కాంతిని విడివిడి కేంద్రాలకు పంచవు, ఒకే కేంద్రాన్ని సాగదీస్తాయి. 2016లో అమెరికా అనుమతి పొందిన ‘సింఫనీ’, 2020లో పొందిన ‘వివిటీ’ ఈ కోవలోవి. దూరం, మధ్య దూరం బాగుంటాయి. సన్న అక్షరాలకు, మందు సీసా మీది చిన్న రాతకు చాలామందికి అద్దాలు అవసరమవుతాయి. ‘ఐహాన్స్’ వంటివి దాదాపు మోనోఫోకల్‌లాగానే ఉంటూ మధ్య దూరాన్ని కొద్దిగా మెరుగుపరుస్తాయి. వీటిని మోనోఫోకల్ ప్లస్ అంటున్నారు. టోరిక్ అనేది వేరే కోవ. అది నల్లగుడ్డు వంపులోని అసమానత వల్ల వచ్చే సిలిండర్ పవర్‌ను సరిచేస్తుంది. మోనోఫోకల్‌లోనూ టోరిక్ ఉంటుంది, మల్టీఫోకల్‌లోనూ ఉంటుంది.

పరిశోధనలు తేల్చిందేమిటి?

వైద్య పరిశోధనలను గుదిగుచ్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016లో మల్టీఫోకల్, మోనోఫోకల్ లెన్సుల మీద జరిగిన ప్రయోగాలను సమీక్షించింది. దూరపు చూపులో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని, అద్దాలు లేకుండా దగ్గరి చూపు మల్టీఫోకల్‌తోనే మెరుగని, దీపాల చుట్టూ వలయాలు, మిరుమిట్లు కూడా మల్టీఫోకల్‌తోనే ఎక్కువని తేల్చింది. లాభం నష్టాన్ని మించుతుందా లేదా అన్నది మనిషిని బట్టి ఉంటుందని, కళ్లజోడు వదిలించుకోవాలన్న కోరిక ఎంత బలమైనదన్నదే నిర్ణయానికి ఆధారమని సమీక్షకులు ముగించారు. దశాబ్దాల పరిశోధన చివరికి రోగి మనసు దగ్గరకే వచ్చి ఆగింది.

2013లో లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి వైద్యుల బృందం ప్రచురించిన ప్రయోగం ఈ మార్పిడిని అంకెల్లో చూపిస్తుంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అవసరమైనవారిని చీటీ పద్ధతిలో రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి మల్టీఫోకల్ పెట్టారు. రెండో వర్గానికి మామూలు మోనోఫోకల్ లెన్సులే పెట్టి, ఒక కన్ను దూరానికి, రెండో కన్ను కాస్త దగ్గరకు సరిచేశారు. దీన్ని మోనోవిజన్ అంటారు. అద్దాలు అసలే వాడటం లేదని చెప్పినవారు మల్టీఫోకల్ వర్గంలో 71 శాతం, మోనోవిజన్ వర్గంలో 26 శాతం. ఈ ఒక్క అంకె చూస్తే మల్టీఫోకల్‌దే గెలుపు. కానీ మొదటి ఏడాదిలోనే మల్టీఫోకల్ వర్గంలో ఆరుగురు ఆ చూపు భరించలేక మళ్లీ ఆపరేషన్ చేయించుకుని లెన్సు మార్పించుకున్నారు. మోనోవిజన్ వర్గంలో ఒక్కరికీ ఆ అవసరం రాలేదు.

ఆ ప్రయోగం పాత తరం లెన్సులతో జరిగింది. ఇప్పటి ట్రైఫోకల్‌లు మధ్య దూరంలో మెరుగయ్యాయి, కాంతి వృథా తగ్గింది. అయినా ఫలితాల తీరు మారలేదు. ఎక్కువమంది సంతోషంగా ఉంటారు, కొద్దిమంది తీవ్రంగా బాధపడతారు. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా గుర్తించడమే వైద్యుడి అసలు నైపుణ్యం.

రాత్రి దీపాలు, మసక వెలుతురు

వలయాలు ఎందుకొస్తాయి? రాత్రి దూరంగా ఒక దీపం ఉందనుకుందాం. దూరానికి కేటాయించిన కాంతి ఆ దీపాన్ని చుక్కలా స్పష్టంగా చూపిస్తుంది. దగ్గరకు కేటాయించిన కాంతి కూడా అదే సమయంలో రెటీనా మీద పడుతుంది. అయితే అది కేంద్రీకృతం కాక వెడల్పుగా పరుచుకుంటుంది. నల్లటి నేపథ్యంలో అదే వలయంగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో ఇది కనిపించదు. కానీ పగలు కూడా ఆ చెదిరిన కాంతి బొమ్మ మీద పలుచని తెరలా పడి నలుపు తెలుపుల తేడాను తగ్గిస్తుంది. అక్షరాల పట్టికలో చివరి వరుస చదవగలిగినవారే మసక వెలుతురులో బూడిదరంగు మెట్టును, సంధ్యవేళ రోడ్డు మీది గుంటను ఆలస్యంగా గుర్తించవచ్చు. ‘కనిపిస్తోంది కానీ మునుపటంత స్వచ్ఛంగా లేదు’ అని రోగి చెప్పేది దీని గురించే. పట్టిక మీద పరీక్షించి ‘మీకు ఆరుకు ఆరు చూపు ఉంది’ అని పంపేస్తే ఆ మనిషి బాధ అర్థం కానట్టే.

మెదడు ఈ కొత్త బొమ్మకు క్రమంగా అలవాటుపడుతుంది. అక్కరలేని వలయాలను పట్టించుకోవడం మానేస్తుంది. దీనికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. కొందరికి మాత్రం ఆ అలవాటు రానే రాదు. రాత్రిళ్లు జాతీయ రహదారి మీద ఎదురు లారీల హైబీమ్ వెలుగులో బండి నడపాల్సిన డ్రైవరుకు ఏడాదిపాటు అలవాటు కోసం ఎదురుచూడమని చెప్పడం ప్రాణాలతో చెలగాటం. రాత్రి డ్రైవింగే జీవనోపాధి అయినవారికి మల్టీఫోకల్ సూచించకపోవడమే మేలు.

ఎవరి కంటికి తగదు?

కాంతిని పంచే లెన్సు పెట్టాలంటే మిగిలిన కన్ను ఆరోగ్యంగా ఉండాలి. రెటీనా మధ్యభాగమైన మాక్యులా అప్పటికే దెబ్బతిని ఉంటే, దానికి చేరే కాంతిలో కోత పెట్టడం న్యాయం కాదు. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత, మధుమేహం వల్ల రెటీనాకు జరిగిన నష్టం, ముదిరిన గ్లకోమా ఉన్నవారికి మోనోఫోకల్ లెన్సే క్షేమం. మన రాష్ట్రాల్లో మధుమేహం ఇంటింటి జబ్బు అయింది. చక్కెర ఉన్నవారికి శుక్లం కూడా త్వరగా వస్తుంది. వీరికి ఈ రోజు రెటీనా బాగానే ఉన్నా పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఆలోచించాలి, ఎందుకంటే లెన్సు జీవితాంతం ఉంటుంది.

నల్లగుడ్డు నునుపుగా లేకపోయినా ఇబ్బందే. ఎండలో, దుమ్ములో పనిచేసేవారిలో కొందరికి తెల్లగుడ్డు మీది నుంచి నల్లగుడ్డు మీదికి కండ పాకుతుంది. అది వంపును చెడగొడుతుంది. నల్లగుడ్డు కోసుగా పొడుచుకొచ్చే కెరటోకోనస్, పాత గాయపు మచ్చలు, గతంలో లాసిక్ చేయించుకున్న కళ్లు కూడా జాగ్రత్తగా చూడాల్సినవే. లాసిక్ అయిన కంటికి లెన్సు పవర్ లెక్కే కష్టం. కన్ను పొడిబారడం చిన్న సమస్యలా కనిపిస్తుంది. కానీ కన్నీటి పొర సరిగా లేకపోతే ఆపరేషన్‌కు ముందు తీసే కొలతలూ తప్పుతాయి, తర్వాతి చూపూ నిలకడగా ఉండదు. అందుకే ముందు దానికి చికిత్స చేయాలి. లెన్సు కూర్చునే సంచిని పట్టి ఉంచే సన్నని దారాలు బలహీనంగా ఉన్నవారిలో లెన్సు పక్కకు జరగవచ్చు. మోనోఫోకల్ కొద్దిగా జరిగినా చూపు గడుస్తుంది. మల్టీఫోకల్ జరిగితే వలయాల అమరికే చెడుతుంది.

స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చిన్న తేడా కూడా సహించలేని మనిషికి, గీత గీసినంత కచ్చితత్వం పనిలోనే అలవాటైనవారికి ఈ లెన్సు మనశ్శాంతి ఇవ్వకపోవచ్చు. ముందు నుంచీ మైనస్ పవర్ ఉండి, అద్దాలు తీసి సూదిలో దారం ఎక్కించగలిగినవారు ఇంకో వర్గం. వారికి ఏ ట్రైఫోకల్ కూడా ఆ దగ్గరి చూపును తిరిగి ఇవ్వలేదు. వారి విషయంలో లెన్సును దగ్గరకే సరిచేసి దూరానికి అద్దాలు ఇవ్వడం కూడా గౌరవప్రదమైన ఎంపికే.

కొలతలో తేడా వస్తే

కంటి పొడవును కొలవడంలో ఒక మిల్లీమీటరు తప్పితే ఆపరేషన్ తర్వాత రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల వరకు పవర్ తేడా వస్తుంది. 1999లో కాంతితో కంటి పొడవు కొలిచే ఐఓఎల్ మాస్టర్ వంటి పరికరాలు వచ్చాక కచ్చితత్వం ఎంతో పెరిగింది. మోనోఫోకల్ విషయంలో అర డయాప్టరు మిగిలిపోతే రోగి దాన్ని గుర్తించకపోవచ్చు, గుర్తించినా అద్దాలతో సరిపెట్టుకుంటాడు. అద్దాలు వద్దనే కదా మల్టీఫోకల్ పెట్టించుకున్నది. ఆ అర డయాప్టరు, ముక్కాలు డయాప్టరు సిలిండర్ అతన్ని వేధిస్తాయి. అప్పటికే పంచుకున్న కాంతి మరింత చెదురుతుంది.

కాబట్టి మల్టీఫోకల్ ఆలోచన ఉన్న కంటికి కనీసం నాలుగు పరీక్షలు జరగాలి. కాంతి ఆధారిత బయోమెట్రీ, నల్లగుడ్డు వంపును పటంగా చూపే టోపోగ్రఫీ, మాక్యులా పొరలను చూపే ఓసీటీ స్కాన్, కన్నీటి పొర పరీక్ష. మామూలుగా చూస్తే బాగున్నట్టు అనిపించే రెటీనా మీద సన్నని పొర ఉన్న సంగతి ఓసీటీలోనే బయటపడుతుంది. ఈ పరీక్షలు లేని చోట ఈ లెన్సు పెట్టించుకోకూడదు.

సంతృప్తి లేకపోతే ఏం చేయాలి?

మల్టీఫోకల్ పెట్టించుకుని చూపు నచ్చనివారిలో చాలామంది సమస్యకు పరిష్కారం ఉంది. ముందు కారణం తేలాలి. మిగిలిపోయిన పవరా, పొడి కన్నా, మాక్యులాలో వాపా, లెన్సు పక్కకు జరిగిందా, లేక లెన్సు వెనక సంచి మసకబారిందా? మిగిలిన పవర్‌ను అద్దాలతోనో లేజర్‌తోనో దిద్దవచ్చు. పొడి కంటికి చుక్కల మందు, వాపుకు చికిత్స ఉన్నాయి.

వెనక సంచి మసకబారితే యాగ్ లేజర్‌తో దానికి చిన్న ద్వారం చేస్తారు. ఇక్కడ తొందరపాటు ప్రమాదం. ఒకసారి సంచికి ద్వారం పడితే తర్వాత లెన్సు తీసి మార్చడం చాలా కష్టమవుతుంది, ముప్పు పెరుగుతుంది. బాధ ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే ఉందంటే కారణం లెన్సే కావచ్చు. బాగున్న చూపు నెలల తర్వాత మసకబారితే సంచి కారణమై ఉండవచ్చు. లెన్సే కారణమన్న అనుమానం తీరేదాకా లేజర్ వద్దు. అన్ని దారులూ మూసుకుపోతే చివరి మార్గం లెన్సు మార్పిడి. ఆలస్యమయ్యేకొద్దీ సంచి లెన్సును గట్టిగా పట్టేస్తుంది కాబట్టి ఆ నిర్ణయాన్ని ఏళ్ల తరబడి సాగదీయకూడదు.

ముందు జాగ్రత్త ఇంకొకటి ఉంది. మొదటి కంటికి ఆపరేషన్ అయ్యాక రోగి ఆ చూపుతో కొన్ని రోజులు గడిపి, రాత్రి వీధి దీపాలు చూసి, పేపరు చదివి, ఆ తర్వాత రెండో కన్ను సంగతి నిర్ణయించడం మంచిది. మొదటి లెన్సు నచ్చకపోతే రెండో కంటికి వేరే రకం ఎంచుకోవచ్చు.

అద్దాలు తగ్గించే వేరే దారులు

అద్దాల అవసరం తగ్గాలంటే మల్టీఫోకల్ ఒక్కటే మార్గం కాదు. మూర్‌ఫీల్డ్స్ ప్రయోగంలో చూసిన మోనోవిజన్ మామూలు లెన్సుతోనే సాధ్యం. రెండో కన్నును ఒకటి, ఒకటిన్నర డయాప్టర్ల మేర దగ్గరకు సరిచేస్తే ఫోన్, కూరగాయల ధరల బోర్డు, వంట అద్దాలు లేకుండా సాగిపోతాయి. ప్రతి కన్నుకూ పూర్తి కాంతి అందుతుంది. నచ్చకపోతే ఒక జత అద్దాలతో రెండు కళ్లూ సమానమవుతాయి. దూరాన్ని అంచనా వేసే శక్తి కొంత తగ్గుతుంది కాబట్టి ఇదీ అందరికీ సరిపడదు. అందుకే ఆపరేషన్‌కు ముందు కాంటాక్ట్ లెన్సుతో పరీక్షించి చూపించవచ్చు. ఆపరేషన్ తర్వాత అతినీలలోహిత కాంతితో కంట్లోనే పవర్ దిద్దగలిగే లెన్సుకు 2017లో అమెరికా అనుమతి వచ్చింది. ఈ దిశలో మరిన్ని మార్పులు వస్తాయి.

చదివేటప్పుడు అద్దాలు పెట్టుకోవడం ఓటమి కాదన్న మాట కూడా చెప్పాలి. నలభై ఏళ్లుగా అద్దాలతో హాయిగా చదువుకున్న మనిషికి వాటిని వదిలించుకోవడం అవసరమా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

డబ్బు, విధానం, న్యాయం

ఈ విషయంలో దేశాలు వేర్వేరు వైఖరులు తీసుకున్నాయి. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2017లో వెలువరించిన శుక్లాల మార్గదర్శకంలో, ఆపరేషన్ చేయించుకునేవారికి మల్టీఫోకల్ లెన్సు ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పింది. అక్కడ కావాలనుకునేవారు ప్రైవేటుగా పెట్టించుకోవాలి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ 2005లో మధ్యేమార్గం తీసుకుంది. శుక్లం ఆపరేషన్, మామూలు లెన్సు ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది, చత్వారం దిద్దే లెన్సు కోసం అయ్యే అదనపు ఖర్చు రోగి భరించాలి.

మన దేశంలో 50 ఏళ్లు దాటినవారి అంధత్వానికి 66 శాతం కారణం శుక్లాలేనని 2015–19 జాతీయ సర్వే తేల్చింది. అంటే లక్షలాదిమందికి ఇప్పటికీ మోనోఫోకల్ లెన్సుతో చేసే మామూలు ఆపరేషనే అందలేదు. ఈ లోటును పూడ్చడానికే 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ వచ్చి మారుమూల ఊళ్లకు కంటి వైద్యాన్ని తీసుకెళ్లింది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరిట కంటి పరీక్షలు జరిగాయి. ప్రజాధనం ముందు వెళ్లాల్సింది ఆ మోనోఫోకల్ లెన్సుకే. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. బాగా చేసిన మోనోఫోకల్ ఆపరేషన్ చూపు లేని మనిషికి చూపునిస్తుంది. మల్టీఫోకల్ చూపు వచ్చిన మనిషికి సౌకర్యం ఇస్తుంది. రెండూ విలువైనవే, కానీ ఒకే తక్కెడలో తూచాల్సినవి కావు.

సొంత డబ్బుతో పెట్టించుకునేవారు బీమా సంగతి ముందే తేల్చుకోవాలి. చాలా పాలసీల్లో శుక్లాలకు రెండేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది, ఆపరేషన్ ఖర్చుకు పరిమితి కూడా ఉంటుంది. మల్టీఫోకల్ కోసం అయ్యే అదనపు మొత్తం దగ్గరే వివాదాలు వస్తుంటాయి. బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

ఆసుపత్రుల బాధ్యత అంతకన్నా పెద్దది. లెన్సు ఎంపికను ధరల పట్టికతో మొదలుపెట్టకూడదు. ముందు కన్ను పరీక్షించి, ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో అడిగి, ఆ కంటికి తగిన లెన్సులేవో తేల్చాక ధర మాట రావాలి. రాత్రి వలయాలు ఎలా ఉంటాయో బొమ్మల్లో చూపించాలి. వలయాలు వస్తాయని, అలవాటుకు నెలలు పడతాయని, సన్న అక్షరాలకు ఎప్పుడైనా అద్దాలు అవసరం కావచ్చని తెలుగులో రాసి సంతకానికి ముందు చదివి వినిపించాలి. ‘ఇక జీవితంలో కళ్లజోడు అక్కర్లేదు’ అన్న ప్రకటన ఏ లెన్సు విషయంలోనూ నిజాయితీ గలది కాదు.

రోగి అడగాల్సినవి కూడా స్పష్టమే. నా రెటీనా, నల్లగుడ్డు ఈ లెన్సుకు తగినవేనా? ఏ పరీక్షలో తేలింది? నేను చదివే దూరానికి ఇది సరిపోతుందా? రాత్రి బండి నడపగలనా? పవర్ మిగిలిపోతే మీరేం చేస్తారు, ఖర్చు ఎవరిది? నచ్చకపోతే లెన్సు మార్చిన అనుభవం మీకుందా? ఈ ప్రశ్నలకు విసుగు లేకుండా జవాబు చెప్పే వైద్యుడు దొరికితే ఏ లెన్సు పెట్టించుకున్నా సగం చింత తీరినట్టే.

కళ్లు ఆరోగ్యంగా ఉండి, అద్దాలు వద్దన్న కోరిక బలంగా ఉండి, రాత్రి వలయాలను సహించడానికి తెలిసి సిద్ధపడినవారికి మల్టీఫోకల్ నిజంగా మంచి లెన్సు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మోనోఫోకలే మంచి లెన్సు, అది తక్కువ ధరకు వచ్చినా సరే. పిల్లలు తల్లిదండ్రులకు ‘అన్నిటికన్నా మంచిది’ కోరడంలో తప్పు లేదు. అయితే ఏది మంచిదో చెప్పాల్సింది ఆ కంటి పరీక్షలు, ఆ మనిషి బతుకు అవసరాలు. ధర చూడాల్సింది ఆ తర్వాతే.